దూరం, కిలోమీటర్లలో

జాంబెజీ వచ్చి పొలాల మీద పడుకున్న నెల.
నీళ్ల పైకి రెల్లు తలలు మాత్రమే.
రిజిస్టరుకి ప్లాస్టిక్ సంచీ తొడిగి
ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
ముబిత తెడ్డు వేస్తున్నాడు.
రేవు నుంచి దిబ్బ దాకా ఒక్క మాట లేదు.

నమతామ వాకిట్లో చేపలు ఎండుతున్నాయి.
ఎన్నో నెల అంటే
"వరద తీసేసరికి" అంది.
కడుపు మీద మసి చేయి తుడుచుకుంది.

పదకొండో ప్రశ్న:
గత కాన్పు ఇంట్లోనే ఎందుకు జరిగింది?
దూరం. డబ్బు. ఆచారం. ఇతరం.
ఇతరానికి ఇచ్చిన గీత
నా బొటనవేలంత పొడుగు.

"దూరం అని రాసుకో" అంది, చేపను తిరగేస్తూ.
లోపలి నుంచి అత్త నసిలెలె నవ్వింది:
మొన్న చేపల గంపతో ఈవిడే
అదే ఊరి సంతకి తెడ్డేసుకుంటూ పోయొచ్చిందిగా!

"అయితే డబ్బు."
కాన్పుకి మేం డబ్బు తీసుకోం కదా అన్నాను.
"తీసుకోరు. బకెట్టు తెమ్మంటారు,
పరిచే షీటు, బ్లేడు, బిడ్డకి కొన్న టోపీ.
పాతగుడ్డలో చుట్టిన బిడ్డని చూసి
పక్క మంచం మనిషి మొహం తిప్పుకుంటుందే,
దాని ఖరీదు మీ కాగితంలో ఎక్కడ రాస్తారు?"

"ఆచారం అని రాసెయ్యమ్మా," అత్త గడప దాటి వచ్చింది,
"ఆ మాట రాస్తే
ఇంకెవరూ మళ్లీ అడగరు."

నాకు చెప్పమని నేర్పిన మాటలు చెప్పాను.
నెత్తురు ఆగకపోతే ఇంట్లో ఏం చేస్తారని.
ఇద్దరూ రేవు వైపు చూశారు.
"మాకు తెలీదనుకోకు" అంది నమతామ.
"నా తోడికోడలు ఇనొంగె. నువ్వొచ్చిన పడవలోనే,
సగం నీళ్లలో."
రేవులో ముబిత
పొడిగా ఉన్న పడవలోంచి
డొప్పతో నీళ్లు తోడుతూనే ఉన్నాడు.

తెలిసీ ఎందుకన్నది నేను అడగలేదు.
పొగ మా వైపు తిరిగింది, తానే చెప్పింది.

"మొదటి కాన్పుకి మీ దగ్గరికే వచ్చాను.
కొత్త బకెట్టుతోనే వచ్చాను.
అరిస్తే తొడ మీద కొట్టింది పెద్ద నర్సు.
అది పోనీ, మా అమ్మా కొట్టేది.
బిడ్డ పుట్టిందా, బొడ్డు ఇంకా తడారలేదు,
నా చేతికి గుడ్డకర్ర ఇచ్చారు.
ఒక చేత్తో గోడ పట్టుకుని
నా నెత్తురు నేనే తుడుచుకున్నాను.
కర్ర అందించిన పిల్ల గుమ్మంలో నిలబడింది.
బక్కపిల్ల. ఆకుపచ్చ బెల్టు."

ఆ ఏడు శిక్షణలో ఉన్నవాళ్లం
మేం ముగ్గురం, అందరివీ ఆకుపచ్చ బెల్టులే.
కర్ర మాత్రం నేనే ఇచ్చాను.

నన్ను గుర్తుపట్టి చెప్పిందో
గుర్తుపట్టకే చెప్పిందో.
ముందురోజు పొద్దున్నుంచి కూచోలేదనీ,
వార్డు మొత్తానికి ఇద్దరమే అనీ,
ఊడ్చే మనిషికి జీతం ఆపేశారనీ
చెప్పడానికి చాలా ఉంది. అన్నీ నిజాలే.
ఒక్కటీ నాలుక దాటలేదు.
ఆ రోజూ దాటలేదు.

సొరబుర్రలో పులిసిన పాలు తెచ్చిచ్చింది.
తాగేదాకా చూసి
"ఈసారి వస్తే నువ్వుంటావా?" అంది.
ఉంటాననడం ఎంతసేపు?
ఏ రాత్రి ఎవరి డ్యూటీయో
రాసే చెయ్యి నాది కాదు.
పాలు గొంతులో నిలిచాయి.
నా జవాబు కోసం ఆగకుండా
కాకిని తోలడానికి లేచింది.

తిరుగుదారిలో రిజిస్టరు తెరిచాను.
దూరం గడిలో టిక్కు పెట్టాను.
దాని కిందే ఇంకో ప్రశ్న ఉంది:
ఎంత? కిలోమీటర్లలో రాయండి.

మంచానికీ, ఆ రోజు నేను నిలబడ్డ గుమ్మానికీ మధ్య
నేల మీద పరిచిన సిమెంటు పలకలు గుర్తు చేసుకున్నాను.
నాలుగు.
నాలుగని రాసి
కిలోమీటర్లన్న మాట కొట్టేశాను.